నాకు తెలుసు అనే మాట

మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం ఉపవాసం. రెండు పూటలు తినం, ఆ భోజనం ఖర్చు లేనివాళ్ళ కోసం ఇస్తాం. ఆ రోజు ప్రసంగాలు ఉండవు. ఎవరికి అనిపిస్తే వాళ్ళు లేచి ముందుకెళ్ళి మైకు దగ్గర సాక్ష్యం చెబుతారు. ఐదేళ్ళ పిల్లల నుంచి ఎనభై ఏళ్ళ మామ్మల దాకా అందరి నోటా ఒకటే మాట: "ఈ సంఘం సత్యమని నాకు తెలుసు." నమ్ముతున్నాను అనరు, అనిపిస్తోంది అనరు. తెలుసు అంటారు. ఇరవై ఏళ్ళు నేనూ అదే అన్నాను. మొక్కుబడిగా కాదు, కళ్ళనీళ్ళతో అన్నాను. ఆ మాట నాకు ఎలా దూరమైందో రాద్దామని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. బయట అందరూ మోర్మన్లు అంటారు. ఆ పేరు వాడొద్దని 2018లో అప్పటి మా అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ గట్టిగా చెప్పారు. చదివేవాళ్ళకు అర్థం కావాలి కాబట్టి ఇక్కడ ఆ పేరే వాడుతున్నాను, సంఘస్థులు ఏమీ అనుకోవద్దు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న సాల్ట్ లేక్ సిటీ దీనికి కేంద్రం. మన హైదరాబాద్‌లో ఇది మొదలైన కథ మాత్రం ముచ్చటగా ఉంటుంది. ఎడ్విన్ ధర్మరాజు అనే తెలుగాయన పురుగుల శాస్త్రవేత్త. సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ అక్కడ భార్యాపిల్లలతో ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో భార్యతో కలిసి హైదరాబాద్ వచ్చి తమ బంధువులకు ఈ సంగతి చెబితే, ఇరవై మందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. భారతదేశం మొత్తంలో మొదటి స్టేకు, అంటే కొన్ని వార్డులు (స్థానిక సంఘాలు) కలిసిన పెద్ద సమూహం, 2012 మేలో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. ఆ రోజు హాల్లో కుర్చీలు సర్దినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నేను చేరింది 1994లో. అంతకు ముందు సంవత్సరం మా నాన్న పోయారు. రైల్వేలో ఫిట్టరు. రాత్రి ఛాతీలో నొప్పి అన్నారు, తెల్లారేసరికి లేరు. నాకప్పుడు పదహారేళ్ళు. సమాధి దగ్గర పాస్టరుగారు "దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడు" అన్నారు. ఆ వాక్యం నాకు ఏ మాత్రం ఆనలేదు. తరువాత మా క్లాస్‌మేట్ వాళ్ళింట్లో తెల్లచొక్కాలు, నల్లటి నేమ్ ప్లేట్లు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళను కలిశాను. ఒకతను అమెరికన్, ఇంకొకతను తమిళతను. ఇద్దరికీ నాకంటే మూడు నాలుగేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. వాళ్ళు చెప్పిన మాట ఒక్కటే నాలో నాటుకుపోయింది. కుటుంబం చావుతో విడిపోదు, దేవాలయంలో ముద్ర వేసిన బంధం నిత్యం ఉంటుంది, మీ నాన్నను నాన్నగానే మళ్ళీ చూస్తావు. మిగతావన్నీ నేను దాని కోసమే నమ్మాను.

మా అమ్మ మాత్రం ససేమిరా అంది. "మనం ఎప్పుడో గుండ్లకమ్మలో మునిగాం. మళ్ళీ మునగడమేంట్రా?" అంది.

ఈ మాటకు కొంచెం వివరం చెప్పాలి. మాది ఒంగోలు వైపు. మాదిగలం, బాప్టిస్టులం. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు జాన్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకు కూలి చూపించాడు. కరువు ఉన్నన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మం ఇచ్చారు. వాళ్ళలో మా తాతకు తాత ఒకడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఊరి చెరువులో నీళ్ళు ముట్టనివ్వని మనిషి ఏటి నడుమ నిలబడ్డాడు. మా అమ్మకు బాప్తిస్మమంటే అది.

మోర్మన్ల బోధ ప్రకారం అది చెల్లదు. అపొస్తలుల తరువాత యాజకత్వ అధికారం, అంటే దేవుడి పేరున ఇలాంటివి జరిపించే హక్కు, భూమ్మీద లేకుండా పోయిందని, 1829లో మా సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కు తిరిగి దొరికిందని, ఆ అధికారం ఉన్నవాళ్ళు ఇచ్చిందే బాప్తిస్మమని చెబుతారు. పదిహేడేళ్ళ వయసులో నాకు ఇది చాలా స్పష్టంగా కనిపించింది. అమ్మతో వాదించాను. "మరి మీ తాతతాత నరకానికి పోయాడా?" అంది. లేదమ్మా, ఆయన తరఫున మనం తీసుకోవచ్చు అని చెప్పాను. కొరింథీ మొదటి పత్రిక 15వ అధ్యాయం 29వ వచనం తీసి చూపించాను. అమ్మ చదివింది. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చేరిన తరువాత నా జీవితమంతా సంఘమే. 1997 నుంచి రెండేళ్ళు మిషన్ సేవ, అంటే ఇల్లు వదిలి మతప్రచారం, చేశాను, బెంగళూరులో, కోయంబత్తూరులో. ఇంటికి ఫోను క్రిస్మస్‌కు ఒకసారి, మదర్స్ డేకి ఒకసారి. టీ, కాఫీ మానేశాను. 1833లో వచ్చిన ప్రకటనలో వేడి పానీయాలు వద్దని ఉంది, అంటే టీ, కాఫీ అని సంఘం అర్థం చెబుతుంది. మన ఇళ్ళల్లో టీ వద్దనడం ఎంత కష్టమో మీకు తెలుసు. మా పెద్దమ్మ పదేళ్ళపాటు నాకు టీ ఇవ్వబోయి, గుర్తొచ్చి, గ్లాసు వెనక్కి తీసుకుని, "పాలన్నా తాగు నాయనా" అనేది. ఆ పాలు కాచేదాకా నన్ను కదలనిచ్చేది కాదు. ఇప్పటికీ నేను టీ తాగను. నమ్మకం మారినా నాలుకకు ఆ రుచి అలవాటు కాలేదు.

2004లో పెళ్ళయింది. మా ఆవిడది రాజమండ్రి. వాళ్ళ నాన్నగారు నాకంటే ముందే సంఘంలో చేరినవారు. పెళ్ళి బంధానికి ముద్ర వేసేది దేవాలయంలోనే. అది మేం వారంవారం కూడుకునే చోటు కాదు, వేరే ప్రత్యేకమైన భవనం. అప్పటికి మనదేశంలో మా దేవాలయం లేదు. బెంగళూరులో కడతామని ప్రకటించింది 2018లో. అందుకని మాలాంటివాళ్ళు హాంకాంగ్ వెళ్ళేవాళ్ళం. మేం ఏడాదిన్నర డబ్బు కూడబెట్టాం, మిగిలింది సంఘం నిధి నుంచి సాయం చేశారు. ఇద్దరికీ అదే మొదటి పాస్‌పోర్టు, మొదటి విమానం. అక్కడ ఒక గదిలో ఎదురెదురుగా అద్దాలుంటాయి. పక్కపక్కన నిలబడి చూస్తే మేమిద్దరం అద్దంలో అద్దంగా అంతు లేకుండా కనిపించాం. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మర్నాడు పితరుల బాప్తిస్మాలు. ఎద్దుల బొమ్మల మీద నిలబెట్టిన పెద్ద తొట్టి. నాన్న తరఫున తీసుకోవాలంటే అమ్మ అనుమతి కావాలని నియమం. బయల్దేరేముందు అడిగితే "ఆయనకు లేకపోతే కదా" అంది. కాసేపాగి "నీ తృప్తి కోసం చేసుకో" అంది. నాన్న కోసం మునిగాను. తరువాత తాతకు తాత కోసం. బాప్తిస్మమిచ్చే చైనా పెద్దాయనకు ఆ పేరు నోరు తిరగలేదు. ముక్కలు ముక్కలుగా పలికాడు. తప్పయిందని ఆగి, కార్డు చూసి మళ్ళీ మొదలుపెట్టాడు. మూడోసారికి సరిగ్గా వచ్చింది. నీళ్ళలోంచి లేచేటప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. ఆ రోజు అది సంతోషమే. దాన్ని ఇప్పుడు మార్చి చెప్పడం నాకిష్టం లేదు.

2008 నుంచి ఏడేళ్ళు మా స్థానిక సంఘానికి క్లర్కుగా ఉన్నాను. మా సంఘంలో జీతాల పాస్టర్లు ఉండరు, వార్డును నడిపే బిషప్పు కూడా ఆరు రోజులు తన ఉద్యోగం చేసుకుని ఏడో రోజు సంఘం పని చూస్తాడు. నేనొక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను కాబట్టి లెక్కల పని నాకిచ్చారు. ఆదివారం కూడిక అయ్యాక సంఘం పెద్దల్లో ఒకరూ నేనూ కూర్చుని దశమభాగాల కవర్లు విప్పేవాళ్ళం. నాలుగిళ్ళలో వంట చేసే ఒక సిస్టర్ ఉండేది, భర్త లేడు. నెలకు నాలుగు వేలొస్తే నాలుగు వందలు కవర్లో పెట్టేది. అన్నీ పదులు, ఇరవైలు, పసుపు వాసన వేసేవి. ఒక నెల మూడు వందల నలభై పెట్టి, "అరవై తక్కువ, వచ్చేవారం తెస్తాను, రాసుకోండి బ్రదర్" అంది. అలా రాసుకోవడానికి కాలమ్ ఏదీ ఉండదు. ఆ సంగతి చెప్పినా వినలేదు. వచ్చే ఆదివారం అరవై తెచ్చింది. ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు ఉపవాస కానుకల నిధి నుంచి ఆస్పత్రి బిల్లు కట్టించాం. ఆ చెక్కు రాసింది కూడా నేనే. ఈ రెండూ కలిపి చెప్పకపోతే న్యాయం కాదు.

నాలో కదలిక మొదలైంది 2014లో. అప్పుడు పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు సెమినరీ అనే మతబోధ క్లాసు కూడా చెబుతున్నాను. ఒక అబ్బాయి అడిగాడు: "బ్రదర్, 1978 దాకా నల్లజాతివాళ్ళకు యాజకత్వం ఇవ్వలేదంట కదా, ఎందుకు?" నిజమే, ఇవ్వలేదని నాకు తెలుసు. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. వచ్చేవారం చెబుతానని చెప్పి ఇంటికొచ్చాను.

నేను వెతికింది విమర్శకుల రాతల్లో కాదు. సంఘం సొంత వెబ్‌సైట్‌లోనే. 2013 డిసెంబరులో సంఘమే ఈ విషయం మీద ఒక వ్యాసం పెట్టింది. జోసెఫ్ స్మిత్ ఉన్నప్పుడు ఎలైజా ఏబెల్ లాంటి కొందరు నల్లజాతి పురుషులకు యాజకత్వం ఇచ్చారని, 1852లో, ఆయన తరువాత అధ్యక్షుడైన బ్రిగమ్ యంగ్ ఇక ఇవ్వకూడదని ప్రకటించాడని, 1978 జూన్ దాకా అదే సాగిందని అందులో ఉంది. నూట ఇరవై ఏళ్ళకు పైమాట. ఆ ఆంక్షకు సంఘం పెద్దలు అప్పట్లో ఏయే కారణాలు చెప్పారో కూడా రాశారు. నల్లని చర్మం ఒక శాపమని కొందరు చెప్పారు. పుట్టకముందు ఆత్మలుగా ఉన్న లోకంలో ఆ ఆత్మలు అంత గట్టిగా నిలబడలేదని, దాని ఫలితమే ఈ పుట్టుక అని ఇంకొందరు చెప్పారు. ఆ వాదాలేవీ ఈనాడు సంఘం ఒప్పుకోదని స్పష్టంగానే రాశారు.

రాత్రి పదకొండు దాటింది. మా ఆవిడ, పిల్లలు నిద్రపోయారు. ఆ ఒక్క పేరా మూడుసార్లు చదివాను. పుట్టకముందు చేసినదానికి ఫలితం ఈ పుట్టుక. ఈ మాట నేను ఎక్కడో విన్నాను. ఎక్కడో ఏమిటి, మా తాత చెబుతుండగా ఒళ్ళో కూర్చుని విన్నాను. ఊళ్ళో కరణం మా తాతను చెప్పుల పని చేయమని, బడికెందుకని అంటూ చెప్పిన మాట ఇదే. "పూర్వజన్మలో చేసుకున్నదిరా, ఎవరేం చేస్తారు?" అన్నాడట. ఆ మాటను కాదనడానికే కదా మా తాతకు తాత గుండ్లకమ్మలో దిగింది! నేనేమో ఆయన దిగింది చెల్లదని, ఈ అధికారంతోనే చెల్లుతుందని హాంకాంగ్ దాకా పోయి మునిగొచ్చాను. ఆయన మునిగిన ఏడాది, అదే 1878లో, ఈ అధికారం ఉన్నవాళ్ళు నల్లని మనిషిని పుట్టుక చూసి పక్కన నిలబెట్టారు.

మాకు ఆ ఆంక్ష వర్తించేది కాదు, అది ఆఫ్రికా మూలాలు ఉన్నవాళ్ళకే. ఆ రాత్రి ఆ సంగతి నాకు ఊరట కాలేదు, ఇంకా సిగ్గనిపించింది.

వచ్చే ఆదివారం ఆ అబ్బాయికి వ్యాసంలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. "అయితే ప్రవక్తలు తప్పు చేశారా బ్రదర్?" అన్నాడు. "మనుషులు తప్పు చేస్తారు" అన్నాను. తల ఊపి కూర్చున్నాడు. ఆ జవాబు వాడికి సరిపోయింది, చెప్పిన నాకు సరిపోలేదు. మా సంఘ అధ్యక్షుణ్ణే మేం ప్రవక్త అంటాం. ఆ ప్రవక్త దేవుడితో మాట్లాడి చెబుతాడని నమ్మితే, అంత పెద్ద తప్పును నూట ఇరవై ఏళ్ళు దేవుడు ఎందుకు చెప్పనిచ్చాడు? ఈ ప్రశ్న ఒకసారి లోపలికి వచ్చాక ఇక బయటికి పోలేదు.

మిగతావి త్వరత్వరగా వచ్చాయి. 2014లోనే బహుభార్యాత్వం మీద వ్యాసాలొచ్చాయి. జోసెఫ్ స్మిత్‌కు ముప్పై నుంచి నలభై మంది భార్యలు ఉండొచ్చని, ఒకామెకు ఇంకా పదిహేనేళ్ళు నిండలేదని సంఘమే రాసింది. ఈజిప్టు పాపిరస్ చుట్టల నుంచి అనువదించానని ఆయన చెప్పిన అబ్రాహాము గ్రంథానికి, దొరికిన ముక్కల మీద ఉన్న రాతకు పొంతన లేదని ఒప్పుకున్నారు. మా ముఖ్య గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని బంగారు పలకల నుంచి అనువదించానని ఆయన చెప్పాడు. 2015 ఆగస్టులో, ఆ అనువాదానికి ఆయన టోపీలో పెట్టుకుని చూసిన రాయి ఫోటో ప్రచురించారు. ఇరవై ఏళ్ళు నేను పిల్లలకు చూపించిన బొమ్మల్లో ఆయన ఆ బంగారు పలకలు ముందు పెట్టుకుని వేలితో చదువుతూ ఉంటాడు. రాయి ఉంటే తప్పని కాదు, అద్భుతాలు ఎలా జరగాలో మనం చెప్పలేం. కానీ నేను చూపించిన బొమ్మ నిజం కాదు. ఆ బొమ్మ చూపించి "నాకు తెలుసు" అన్నాను, పిల్లల చేత అనిపించాను. నాకు ఎక్కువ బాధ అక్కడే.

2015లో ఒక ఉపవాస ఆదివారం మైకు దగ్గర నిలబడి "ఈ సంఘం సత్యమని నమ్ముతున్నాను" అన్నాను. కావాలని అన్న మాటే. ఎవరూ గమనించలేదు. మా ఆవిడ గమనించింది. ఇంటికొచ్చాక మంచినీళ్ళు ఇస్తూ "ఏమండీ, ఒంట్లో బాలేదా?" అంది. బానే ఉన్నానన్నాను. ఆ తరువాత కొన్నాళ్ళకు "ఆశపడుతున్నాను" అన్నాను. 2017 వచ్చేసరికి లేవడం మానేశాను. మొదట్లో మా ఆవిడ నా వైపు చూసేది, లేస్తానేమోనని. తరువాత చూడటం మానేసింది. ఆ చూడకపోవడం నాకు తట్టుకోలేనంత కష్టంగా ఉండేది.

ఆమెతో పూర్తిగా మాట్లాడింది 2018లో, దసరా సెలవుల్లో, పిల్లలు రాజమండ్రి వెళ్ళినప్పుడు. అన్నీ చెప్పాను. వ్యాసాలు చూపిస్తానన్నాను, వద్దంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పొయ్యి మీద అన్నం మాడు వాసన వస్తే లేచి వెళ్ళి దించి వచ్చింది. అప్పుడు అడిగింది: "అయితే అక్కడ నేను ఒక్కదాన్నే ఉండాలా?"

ఆమె ఉద్దేశం హాంకాంగ్‌లో వేసిన ముద్ర. ఇద్దరూ నిబంధన నిలబెట్టుకుంటేనే ఆ బంధం నిలుస్తుందని బోధ. నేను నమ్మడం మానేస్తే నాకు పోయేది ఏమీ లేదు, నమ్మే ఆమెకు భర్త పోతాడు. నాన్న కోసం చేరినవాణ్ణి ఆ బాధ ఎలాంటిదో నాకు తెలియకుండా ఉంటుందా? నా దగ్గర జవాబు లేదు. "నేనెక్కడికీ పోవడం లేదు" అన్నాను. "నేను ఇక్కడి సంగతి అడగలేదు" అంది.

2019 డిసెంబరులో డబ్బు వార్త వచ్చింది. సంఘం పెట్టుబడులు చూసే సంస్థ దగ్గర దాదాపు పదివేల కోట్ల డాలర్లు పోగయ్యాయని, అందులో పనిచేసిన ఒకాయన ప్రభుత్వానికి ఫిర్యాదు చేశాడని. కష్టకాలానికి దాచిన నిధి అని సంఘం చెప్పింది. 2023 ఫిబ్రవరిలో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఒక ఉత్తర్వు ప్రకటించింది. షేర్ల వివరాలు సంఘం పేరున బయటపడకుండా పదమూడు డొల్ల కంపెనీల పేర్లతో లెక్కలు చూపించారని, పెట్టుబడుల సంస్థకు 40 లక్షల డాలర్లు, సంఘానికి 10 లక్షల డాలర్లు జరిమానా వేసింది. జరిగిన పొరపాట్లకు విచారిస్తున్నామని, లాయర్ల సలహా ప్రకారమే చేశామని సంఘం ప్రకటన. నేను అకౌంట్స్ మనిషిని. నిధి దాచడం తప్పని అనను. కానీ ఆ వార్త చదువుతుంటే నాకు పసుపు వాసన వచ్చింది. అరవై రూపాయలు బాకీ రాసుకోండి బ్రదర్ అన్న గొంతు వినిపించింది. ఆమె తన లెక్క ఒక్క వారం కూడా ఎవరికీ దాచలేదు.

మధ్యలో కరోనా. 2020 మార్చిలో ప్రపంచమంతటా మా కూడికలు ఆపేశారు. ఇంట్లోనే రొట్టె, నీళ్ళు ఆశీర్వదించుకోమని యాజకత్వం ఉన్న తండ్రులకు అనుమతిచ్చారు. మా ఇంట్లో చపాతీ ముక్కలు, చిన్న స్టీలు గ్లాసుల్లో నీళ్ళు. ఆ ప్రార్థన ఒక్క అక్షరం తప్పకుండా చదవాలి. చదివేవాణ్ణి. పిల్లలు కళ్ళు మూసుకుని వినేవాళ్ళు. మైకు లేదు, సాక్ష్యం లేదు. నిజం చెప్పాలంటే ఆ ఏడాది ఆరాధన నాకు హాయిగా ఉంది. క్రీస్తు నాకు దూరం కాలేదని అప్పుడే తెలిసింది.

2021లో మా వాడికి ఎనిమిదేళ్ళు నిండాయి. మా సంఘంలో ఎనిమిదో ఏట బాప్తిస్మం, మామూలుగా తండ్రే ఇస్తాడు. మా అమ్మాయికి నేనే ఇచ్చాను. అప్పటికి నేను దేవాలయ సిఫారసు, అంటే దేవాలయంలోకి వెళ్ళడానికి ఇచ్చే అనుమతి కార్డు, రెన్యువల్ చేయించుకోలేదు, కారణం బిషప్పుకు చెప్పాను. ఆయన నాకంటే చిన్నవాడు. కోపగించుకుంటాడనుకున్నాను. "మీ కొడుకు బ్రదర్. మీకు మనసొప్పితే మీరే ఇవ్వండి, నేను కాదనను" అన్నాడు. ఆ రోజు ఆయన చూపిన దయ నేను మరిచిపోలేను. నన్ను ఈ సంఘంలో ఎవరూ నొప్పించలేదు. వెళ్ళిపోయేవాళ్ళు ఎవరిమీదో అలిగి వెళ్ళారని మావాళ్ళు అనుకుంటారు, అందుకని ఈ మాట చెబుతున్నాను.

బాప్తిస్మమిచ్చేవాడు చెయ్యెత్తి చెప్పే మాటల్లో, తాను క్రీస్తు చేత నియమించబడినవాడినని ఉంటుంది. బాత్రూంలో తలుపు వేసుకుని అద్దం ముందు చెప్పి చూశాను. రెండో మాట దగ్గర గొంతు ఆగిపోయింది. నా కొడుకు విషయంలో, నీళ్ళలో నిలబడి, నమ్మని మాట చెప్పలేను. మా మామగారిని అడిగాం. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. రాజమండ్రి నుంచి రైల్లో వచ్చారు. నన్ను ఒక్క ప్రశ్న వేయలేదు.

ఇద్దరు సాక్షులుండాలి. ఒంట్లో ఏ భాగమూ నీటి పైన లేకుండా పూర్తిగా మునిగాడా లేదా చూడటం వాళ్ళ పని. ఇదివరకు యాజకత్వం ఉన్న మగవాళ్ళే నిలబడేవాళ్ళు. 2019 అక్టోబరు నుంచి బాప్తిస్మం పొందిన ఎవరైనా ఉండొచ్చని మార్చారు. ఒక పక్క మా అమ్మాయి, ఇంకో పక్క నేను. తెల్లబట్టల్లో మా వాడు తాతయ్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. నీళ్ళు చల్లగా ఉన్నట్టున్నాయి, భుజాలు పైకి లాక్కున్నాడు. మామగారు మాటలు చెప్పి వెనక్కి వంచి ముంచారు. ముక్కు మూసుకుని లేచాడు. అందరూ నవ్వు మొహాలతో చూస్తున్నారు. మామగారు మా ఇద్దరి వైపు చూశారు.

ఎడమకాలి బొటనవేలు పైకి తేలింది. నేను చూశాను. మా అమ్మాయి నిలబడ్డ వైపు నుంచి కనిపించినట్టు లేదు, తల ఊపేసింది. నేను ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకోవడానికి నాకు కారణం కూడా ఉంది, ఈ నియమం మీదే నాకు నమ్మకం లేదు కదా. కానీ అక్కడ నన్ను నిలబెట్టింది చూసింది చెప్పమని. "వేలు తేలింది మామయ్యా, మళ్ళీ ఇవ్వాలి" అన్నాను. వెనక వరసలో మా ఆవిడ ఒక్కసారి తలెత్తి నన్ను చూసింది. రెండోసారి పూర్తిగా మునిగాడు. తల ఊపాను. మెట్ల మీద తువ్వాలు పట్టుకుని వాణ్ణి చుట్టేసుకున్నాను. వణుకుతున్నాడు. "నాన్నా, రెండుసార్లు అయింది కాబట్టి నాకు డబుల్ బాప్తిస్మమా?" అన్నాడు.

ఆ రాత్రి మా ఆవిడ చాలా రోజుల తరువాత నా పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది. సంఘం గురించి కాదు, వాళ్ళ నాన్న మోకాళ్ళ గురించి, రైలు టికెట్ల గురించి.

అమ్మ 2022లో పోయింది. ఒంగోలు తీసుకెళ్ళి నాన్న పక్కనే పెట్టాం. మర్నాడు మా బాబాయి బండి మీద గుండ్లకమ్మ చూడ్డానికి వెళ్ళాను. వేసవి, ఏటిలో నీళ్ళు పెద్దగా లేవు. ఇసుకలో దిగి కాసేపు నిలబడ్డాను. తాతకు తాతను క్షమించమని అడిగాను. చనిపోయినవాళ్ళు వింటారో లేదో నాకిప్పుడు తెలియదు. అమ్మ కోసం హాంకాంగ్‌లోనో ఇంకెక్కడో ఎవరూ మునగనక్కర్లేదని మా ఆవిడకు చెప్పాను. "అత్తయ్యకు ఇష్టం లేదని నాకు తెలుసు, నేను చేయించను" అంది.

నా పేరు సంఘం రికార్డుల్లో ఇంకా ఉంది. తీసెయ్యమని లెటర్ రాయొచ్చు, రాయలేదు. క్లర్కు పని, క్లాసు రెండూ పోయాయి. కొన్ని ఆదివారాలు వెళతాను, కొన్ని వెళ్ళను. ఎవరైనా ఇల్లు మారుతుంటే సామాను మోయడానికి ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తారు, వెళతాను. కొందరు నన్ను చూడగానే గొంతు తగ్గించి మాట్లాడతారు, జబ్బుమనిషితో మాట్లాడినట్టు. ప్రేమతోనే అని తెలుసు. అయినా కొంచెం గుచ్చుకుంటుంది. మా అమ్మాయి మిషన్‌కు వెళ్ళాలనుకుంటోంది. తల్లీకూతుళ్ళు సూట్‌కేసు గురించి మాట్లాడుకుంటుంటే టెన్షన్‌గానే ఉంటుంది, కానీ మానమని చెప్పను. ఆ రెండేళ్ళు నాకు మంచి చేశాయి. తనకు ఏ ప్రశ్న వచ్చినా నన్ను అడగొచ్చని మాత్రం చెప్పాను.

పోయిన నెల మొదటి ఆదివారం అందరం వెళ్ళాం. మా వాడు లేచి సాక్ష్యం చెప్పాడు. మైకు కిందికి వంచుకుని, "ఈ సంఘం..." అని ఆగాడు. నేను వెనక కూర్చున్నాను. వాడు నా వైపు చూడలేదు. "తాతయ్యకు కాళ్ళ నొప్పులున్నా నాకు బాప్తిస్మం ఇవ్వడానికి వచ్చారని నాకు తెలుసు" అని చెప్పి, యేసు నామంలో ఆమెన్ అని వచ్చి కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. నాలుగింటి దాకా ఉపవాసం విడవరు. మా ఆవిడ పప్పుచారుకు చింతపండు నానేస్తూ, "మీరెందుకు ఆగడం? రాత్రి ఉప్మా ఉంది, వేడి చేసిస్తాను, తినండి" అంది. వద్దన్నాను. "మీకు లేదు కదా ఉపవాసం?" అంది.

"మీ ముగ్గురూ తినకుండా నేనొక్కణ్ణే ఎలా తింటాను?" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. కుక్కర్లో ఇంకో గ్లాసు బియ్యం పోసింది.